వసంతంలో పట్టకూడని చేప

టెక్సస్‌లో ఇర్వింగ్ చుట్టుపక్కల ఉన్న పెద్ద చెరువులన్నీ దాదాపు మనుషులు కట్టినవేనని నాకు లైబ్రరీ పుస్తకం చెప్పింది. వాగులకు అడ్డంగా ఆనకట్టలు వేసి లోయల్ని ముంచేశారు. అందుకే మేము చేపలు పట్టే చోట నీళ్ళ మధ్య ఎండిన చెట్లు నిలబడి ఉండేవి. ఆ చెట్ల మొదళ్ళలో ఉండేది బాస్ చేప. పెద్ద నోరు, ఆకుపచ్చ వీపు, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార. పండుగప్ప తిని పెరిగినవాళ్ళకు దాన్ని చూడగానే మేనమామ పోలిక కనబడుతుంది.

డెబ్బైల చివర్లో నేను నా భార్య వీసా మీద అమెరికా వచ్చాను. ఆమె నర్సు. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. అయితే మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న మూడు బీరువాలూ ఖాళీ చేసినవాణ్ణి. ఇర్వింగ్‌లో లైబ్రరీ కార్డు ఇచ్చి, ఒకేసారి పది పుస్తకాలు తీసుకెళ్ళవచ్చని చెప్పినప్పుడు, ఈ దేశంలో బతకగలనన్న ధైర్యం వచ్చింది. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే, బాయిలర్ గదిలో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడ నా పై అధికారి అరవై ఏళ్ళ టెక్సస్ మనిషి. భోజనం వేళ నేను పుస్తకం తెరవడం చూసి నాకు ప్రొఫెసర్ అని పేరు పెట్టాడు. నేను ఆయన్ని సార్ అనేవాణ్ణి. "సార్ అంటే నాకు సైన్యంలో ఉన్న రోజులు గుర్తొస్తాయి, మానెయ్" అనేవాడు. నేను మానలేదు.

ఆయనకొక అల్యూమినియం పడవ ఉండేది. అక్టోబరులో ఒక శనివారం నన్ను ఎక్కించుకున్నాడు. ఆ కాలంలో చిన్న చేపలు గుంపులుగా నీటి పైకి వస్తాయి, బాస్ వాటిని కింది నుంచి తరుముతుంది. నీళ్ళు ఉడుకుతున్నట్టు కనబడిన చోట గాలం వేస్తే చాలు. చలికాలంలో అదే చేప లోతుకు దిగి మొద్దుబారిపోతుంది. ఎరగా కట్టిన రబ్బరు పురుగును అడుగున అంగుళం అంగుళం లాగుతూ గంటసేపు కూర్చోవాలి. ఎండాకాలంలో తెల్లవారుజామున గంట, సాయంత్రం గంట, అంతే. ఇవన్నీ ఆయన చేతులు చూసి నేర్చుకున్నాను, ఇంటికెళ్ళి పుస్తకంలో సరిచూసుకున్నాను.

ఒకరోజు ఆగలేక చెప్పాను.

"సార్, ఇది అసలు బాస్ జాతి కాదట. సన్‌ఫిష్ కుటుంబమట."

"దానికి మాత్రం చెప్పకు ప్రొఫెసర్. మనసు కష్టపెట్టుకుంటుంది."

నీళ్ళ వేడిని బట్టి చేప కదులుతుందని చదివి, మరోసారి మా ఆవిడ థర్మామీటరు తీసుకెళ్ళి చెరువులో ముంచాను. అది మనుషుల జ్వరానికి చేసింది. తొంభై నాలుగు కింద దాని మీద అంకెలే లేవు. పాదరసం కదలలేదు. ఆయన మోటారు ఆపి మరీ నవ్వాడు. "ఏమంటోంది చెరువు? జ్వరమని సెలవు అడుగుతోందా?"

కానీ ఒక్క విషయంలో ఆయన దగ్గర నవ్వు ఉండేది కాదు. మార్చి నెలలో ఆకులు రాకముందే గట్టు మీద ఊదా రంగు పూల చెట్లు పూసేవి. ఆ పూలు కనబడితే బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుందని ఆయన లెక్క. మోకాలి లోతు నీళ్ళలో, ఒక మూల, తోకతో మట్టి ఊడ్చి తెల్లటి గుండ్రని గూళ్ళు చేస్తాయి. గుడ్లు పెట్టి ఆడది వెళ్ళిపోతుంది, మగది కాపలా ఉంటుంది. ఏడాదిలో పెద్ద చేపలు దొరికేది అప్పుడే. ఆయన ఏడాదంతా ఎదురుచూసేదీ ఆ ఆరు వారాల కోసమే. అయితే పట్టిన ప్రతి చేపనూ రెండు చేతులతో నీళ్ళలో పట్టుకుని, అది ఊపిరి తీసుకున్నాక వదిలేసేవాడు. చట్టం ఉంచుకోనిచ్చేది, ఆయనే ఉంచుకునేవాడు కాదు. "మిగతా నెలల్లో తిను. వసంతంలో పట్టింది మాత్రం వెనక్కి వెళ్ళాలి" అన్నాడు. జన, అంటే కడుపులో గుడ్లు, ఉన్న చేపకు రెండింతలు ధర పలికే ఊరి నుంచి వచ్చినవాణ్ణి నేను. ఉబ్బిన పొట్టతో ఆ చేప నీళ్ళలోకి జారిపోతుంటే నా నాలుక గిలగిల్లాడేది.

ఆయనతో నా రెండో వసంతంలో నా భార్యకు మూడో నెల. అంతకు ముందు ఏడాది ఒకసారి మూడో నెలలోనే కడుపు పోయింది. ఈసారి ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. ఆసుపత్రిలో రోగులకు మందులిస్తూ తనే బాత్రూముకు పరిగెత్తేది. బరువు ఇంకో రెండు పౌన్లు తగ్గితే అడ్మిట్ చేసి సెలైన్ పెడతానని డాక్టరమ్మ చెప్పింది. ప్రార్థన కూడికలో ఒక పెద్దమ్మ నిమ్మకాయ ఊరగాయ ఇచ్చింది, అదీ నిలవలేదు. దుకాణంలో ఐసు చేప తెస్తే పొట్లం విప్పకముందే ముక్కు మూసుకుంది.

శుక్రవారం సాయంత్రం మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని అంది: "ఏవండీ, జన వేసిన పులుసు ఒక్క ముద్ద దొరికితే తింటాననిపిస్తోంది."

"అది తప్ప ఇంకేదైనా చెప్పు."

"ఏం, మీరు ప్రతివారం చేపల్ని చేత్తో పట్టుకుని ముద్దుపెట్టి వదిలేసి వస్తున్నారుగా. ఒకదాన్ని ముద్దు పెట్టకుండా తీసుకురండి."

శనివారం సార్‌కు డ్యూటీ. నేను ఒక్కణ్ణే కారేసుకుని వెళ్ళి, గట్టు మీద నిలబడి, ఆ మూలలో రబ్బరు పురుగు వేశాను. పుస్తకంలో చెప్పినట్టు గూడు మీద వేయకుండా, పక్కన లోతు మొదలయ్యే అంచున వేశాను. మూడోసారికి దారం పక్కకు నడిచింది. ఒడ్డుకు లాగాక దాని పొట్ట మీద చెయ్యి వేస్తే తెలిసిపోయింది. మరో ఆలోచన రానివ్వకుండా తడి గోనెలో చుట్టేశాను.

అపార్టుమెంటు సింకులో పొలుసు తీస్తే గోడల నిండా అంటుకుంది. ఉప్పు, పసుపు వేసి మూడుసార్లు కడిగాను. చింతపండు మెక్సికన్ల కొట్లో దొరికేది. పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా ఆమె లేచి వచ్చి గరిటె నా చేతిలోంచి తీసుకుంది. రెండుసార్లు అన్నం పెట్టుకుంది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నిలిచింది.

"ఆయనకు చెప్పారా?" అని అడిగింది.

"ఏమని చెప్పను? గుడ్లున్న చేప."

"అదీ కడుపుతోనే ఉంది, నేనూ కడుపుతోనే ఉన్నాను. మా ఇద్దరి మధ్య వ్యవహారం, మీకేంటి బాధ?" అంది. నవ్వింది.

మా ఊరి రేవులో ఒక పద్ధతి ఉంది. చేప ఎవరు పట్టినా పడవకు ఒక వాటా పోతుంది. ఆ రోజు పడవ లేదు. అయినా ఆ మూల చూపించింది ఆయన, గాలం వేయడం నేర్పింది ఆయన. వాటా ఎగ్గొట్టి తింటే మా ఆవిడకు ఒంటబట్టదని నాకొక భయం. పులుసులో వేయగా మిగిలిన జనను ఉల్లిపాయతో, కారంతో వేయించి స్టీలు డబ్బాలో పెట్టుకుని, ఆదివారం చర్చి అయ్యాక ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని గాలం రీలుకు నూనె వేస్తున్నాడు.

"ఏంటిది ప్రొఫెసర్?"

"చేప జన సార్. మీ వాటా."

మూత తీసి చూశాడు. "ఏ చేప?"

"బాస్."

"ఎక్కడిది?"

"మన మూలలోదే. గట్టు మీద నుంచి."

రీలు పక్కన పెట్టాడు. "అది అక్కడికి ఎందుకొచ్చిందో నీకు తెలుసు కదా?"

"తెలుసు. చదివాను."

"చదివే చేశావన్నమాట." మూత పెట్టేసి డబ్బా నావైపు జరిపాడు. "సోమవారం కలుద్దాం."

లేచి మెట్లు దిగుతుంటే, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది. మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటివాళ్ళకు చెప్పరు మా వాళ్ళు. ఒకసారి పోయిన ఇంట్లో అసలే చెప్పరు. అందుకని పక్కపక్కన పనిచేస్తూ, ఒకే పడవలో కూర్చుంటూ కూడా నేను చెప్పలేదు. మెట్ల మీద నిలబడి, ఆయన మొహం చూడకుండా అంతా చెప్పాను. పోయిన ఏడాది సంగతి, సెలైన్ సంగతి, నిన్న రెండుసార్లు అన్నం పెట్టుకున్న సంగతి.

ఆయన చెయ్యి చాచాడు. డబ్బా తీసుకున్నాడు. వేళ్ళతోనే ఒక ముక్క తీసి తిన్నాడు. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మ దీన్ని కోడిగుడ్లలో కలిపి వేయించేది. చెడ్డ రోజులు. ఏడుగురం పిల్లలం. మా ఇంటి వెనక వాగులో చేప అనేది మిగలకుండా తిన్నాం." ఇంకో ముక్క తీసుకున్నాడు. "మొన్నే ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది నీకు?"

"చెప్పకూడదు సార్."

"పుస్తకంలో ఉందా?"

"లేదు."

"మరి?" అని, మూత పెట్టి, "ఆవిడ క్రాపీ తింటుందా?" అన్నాడు.

క్రాపీ అరచేతి కంటే కొంచెం పెద్ద వెండి రంగు చేప. అదీ సన్‌ఫిష్ కుటుంబమే, అదీ ఆ రోజుల్లోనే గుడ్లు పెడుతుంది. ఎంత పట్టినా మళ్ళీ అంత పుట్టుకొచ్చే జాతి, చెరువుకు లోటుండదు. బాస్ కోసం వచ్చేవాళ్ళు దాన్ని పిల్లల ఆటగా చూస్తారు.

ఆ వసంతమంతా ఆయన బాస్‌కు గాలం వేయలేదు. పెద్ద గాలం రాడ్లన్నీ గరాజులో వదిలేసి, సన్నటి రాడ్లు రెండు, చిన్న చేపపిల్లల ఎర డబ్బా తెచ్చేవాడు. శనివారం ఒకసారి, బుధవారం డ్యూటీ దిగాక ఒకసారి, మునిగిన చెట్ల దగ్గర పడవ కట్టేసి మా ఆవిడ బకెట్ నింపేవాళ్ళం. ఆమె వారానికి నాలుగు రోజులు అదే తినేది. సెలైన్ అవసరం రాలేదు. అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది.

పూలు రాలిపోయే వారంలో ఒక సాయంత్రం మేము ఆ మూల పక్కనుంచి వెనక్కి వస్తున్నాం. ఆయన మోటారు ఆపి తెడ్డు అందుకున్నాడు. నీళ్ళు గాజులా ఉన్నాయి. తెల్లటి గూటి మీద మోచెయ్యంత చేప ఒకటి తోక ఆడిస్తూ కదలకుండా నిలబడి ఉంది. అంత పెద్దది మేమిద్దరం అప్పటిదాకా చూడలేదు.

"సార్, ఒక్కసారి వేయండి. పట్టి వదిలేద్దురుగాని. బకెట్ నిండింది కదా" అన్నాను.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"బకెట్‌లో ఐసు కరిగిపోతోంది ప్రొఫెసర్. ఆవిడ చేపలు పాడవుతాయి" అని తెడ్డు వేశాడు.