ట్యాంకర్ నీళ్లు వచ్చే ఊరు

ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్ బోర్లు రెండూ ఎండిపోయాయి. అప్పటి నుంచి ట్యాంకర్లే దిక్కు. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, రెండు వందల పైచిలుకు ఇళ్లున్న సముదాయం మాది. ఈ ఏడాది సంఘం కార్యదర్శిని నేను. ఒక శుక్రవారం ట్యాంకర్ రాలేదు. శనివారమూ రాలేదు. డ్రైవర్ ఇస్మాయిల్ ఫోనెత్తి, "ఇక్కడ లొల్లి అయితుంది మేడం, బండి నింపనిస్తలేరు" అని పెట్టేశాడు. ఆదివారం ఉదయం మిగిలిన బకెట్ నీళ్లతో ఇంట్లో ముగ్గురం స్నానాలయ్యాయనిపించి, నేనే బయలుదేరాను.

హైటెక్ సిటీ స్టేషన్‌లో లింగంపల్లి లోకల్ రైలు ఎక్కాను. ఈ దారిలో రైళ్లు తక్కువ. వెళ్లాలనుకునేవారు వేళలు ముందే చూసుకోవడం మంచిది. పక్కన నైట్ డ్యూటీ దిగి చందానగర్ వెళ్తున్న నర్సు కూర్చుంది. నా ప్రయాణం సంగతి విని నీరసంగా నవ్వింది.

"మా హాస్టల్లో పొద్దున కాసేపే వదులుతారండి. నేను చేరేసరికి అయిపోతాయి. అందుకే స్నానం ఆస్పత్రిలోనే చేసి వస్తాను," అని కళ్లు మూసుకుంది.

లింగంపల్లిలో ఇడ్లీ తిని శంకర్‌పల్లి వైపు బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా కడుతున్న టవర్లే. గేట్ల ముందు ఈతకొలనుల బొమ్మలతో హోర్డింగులు. టవర్లు పలచబడి పొలాలు మొదలయ్యేసరికి పది దాటింది. ఇస్మాయిల్‌కు మళ్లీ ఫోన్ చేసి, అతను చెప్పిన చోట దిగి మట్టిదారిలో నడిచాను. ఎండ అప్పుడే మాడుస్తోంది. నీళ్ల సీసా సగానికి వచ్చింది.

దారి చివర మా ట్యాంకర్ ఖాళీగా నిలబడి ఉంది, పక్కన ఇస్మాయిల్. దాని ముందు అడ్డంగా మంచం వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. పేరు లక్ష్మమ్మ అని ఇస్మాయిల్ చెప్పాడు. పక్క పొలం ఆసామి బోరు బాగా లోతుకు దించి ట్యాంకర్లకు నీళ్లు అమ్ముతున్నాడు. అప్పటి నుంచి ఈవిడ బోరు నీళ్లు పొయ్యడం మానేసింది. ఆమె వెనక టమాటా తోట నిలువునా ఎండి ఉంది.

"ఈ నీళ్లు పోయేది మీకేనా?" అంది నన్ను చూసి.

"మాకేనమ్మా."

"ఎంతమందుంటరు?"

"ఎనిమిది వందల దాకా ఉంటాం."

"మా ఊరంత కలిసినా గంతమంది లేము. తాగనీకేనా గిన్ని నీళ్లు?"

"తాగడానికి క్యాన్లు కొంటాం. ఇవి స్నానాలకు, బట్టలకు, కార్లు కడగడానికి..." అని ఆగాను. మా ఈతకొలను సంగతీ చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నిజమేనా అన్నట్టు ఇస్మాయిల్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"మీ ఇండ్లల్ల చంటిపిల్లలున్నరా?" అని అడిగింది చివరికి.

"ఉన్నారమ్మా."

"ఇయ్యాల ఒక్క బండి కొంచవోండ్రి. ముందుగాల నా బర్లకు తొట్టి నింపుండ్రి. రేపటి సంది రావొద్దు."

తొట్టి నిండింది. గేదెలు తాగాయి. తర్వాత పైపు ట్యాంకర్‌లోకి వేశారు. సగం కూడా నిండకముందే నీళ్లు ఎర్రబడి, పైపు గాలి కక్కడం మొదలుపెట్టింది. ఇస్మాయిల్ మోటారు ఆపి, మళ్లీ వేశాడు. గాలే.

"ఆనిది గూడ పాయె," అంది లక్ష్మమ్మ పక్క పొలం బోరు వైపు చూసి. ఆ గొంతులో సంతోషం లేదు. లేచి, మంచం తనే పక్కకు జరిపింది. ఇక అడ్డుకోవలసిందేమీ మిగల్లేదు.

తిరుగు ప్రయాణం ట్యాంకర్ ముందు సీట్లోనే. బ్రేకు వేసినప్పుడల్లా వెనక సగం నీళ్లు దబ్బున కొట్టుకునేవి. సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేసి, కొలను మూసేద్దామన్నాను.

"పిల్లలకు సెలవులండీ. ఈ ఒక్క వేసవి గడవనివ్వండి. రేపటికి ట్యాంకర్ ఉన్నట్టేనా?" అన్నాడాయన.

మధ్యాహ్నం చాయ్ కోసం బండి ఆగింది. ఇన్నాళ్లూ మా ఇల్లు గేటు దగ్గర అయిపోతుందనుకున్నాను. అది ఇంత దూరం, ఆ టమాటా తోట దాకా ఉందని అక్కడ కూర్చుని ఆలోచిస్తుంటే ఇస్మాయిల్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ఇంకో బోరు దొరికింది. ఇంకా ముంగటికి పోవాలె, గంతే."

ఆ బోరు పక్క పొలం ఎవరిదని అడగబోయాను. ఎండకు తల దిమ్ముగా ఉంది. ఇంట్లో రెండు రోజుల గిన్నెలు పడి ఉన్నాయి.

"పొద్దున్నే తీసుకురా," అన్నాను.