అంతయ్య బురుజు పరీక్ష

వెంకంపేట ముసలివాళ్లకు అంతయ్య అంటే ప్రాణం, వాళ్ల కొడుకులకు మాత్రం తలనొప్పి. ఏడాది పొడుగునా నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అంటూ మంచం దిగని తల్లి, మాఘమాసం దగ్గర పడేసరికి లేచి కూర్చుని "అంతయ్య గుట్టకు ఎన్నడు పోతడట" అని ఆరా తీయడం మొదలుపెడితే ఏ కొడుక్కైనా చిర్రెత్తుకొస్తుంది. ఎల్లమ్మ గుట్టేమీ పక్క వాడలో లేదు. పొద్దంతా అడవిలో నడవాలి, మర్నాడు బండలు పట్టుకుని పైకెక్కాలి. పడుచువాళ్లే దిగొచ్చాక కాళ్లు పిసికించుకుంటారు.

అంతయ్య వయసులో ఉన్నప్పుడు ఆ అడవిలోనే వెదురు కొట్టించి, బండ్ల మీద మంచిర్యాల స్టేషనుకు తోలేవాడు. ఏ వాగులో ఎప్పటిదాకా నీళ్లుంటాయో, ఏ మలుపులో ఎండ తగలదో ఆయనకు తెలుసు. రజాకార్ల కాలంలో ఆగిపోయిన ఎల్లమ్మ గుట్ట జాతర పోలీసు చర్య తర్వాత మళ్లీ మొదలైంది. పడుచువాళ్లంతా ఎగబడి పోయారు, ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి. అది అంతయ్యకు గిట్టలేదు.

"ఎల్లమ్మ పడుచోళ్లకే దేవతనా? ముసలోళ్లను నేను తోల్కపోత" అన్నాడు. అన్నవాడు ఊరికే ఉండలేదు, మరుసటి మాఘంలో తోలుకుపోయాడు కూడా.

ఆ పని ఆయన చేసే తీరే వేరు. ఎవరి రొమ్మెత్తుకు వారికి వెదురు కర్ర కోసి ఇచ్చేవాడు. సొరకాయ బుర్రల్లో అంబలి పోయించేవాడు, పళ్లు లేనివాళ్లకు అటుకులు నానబెట్టించేవాడు. నడకలో అందరికంటే మెల్లగా నడిచేవాళ్లు ముందుండాలి, మిగిలినవాళ్లు వాళ్ల వెనకే రావాలి. హుషారెక్కువై ఎవరైనా దాటబోతే కర్ర అడ్డం పెట్టి "ఏం బావా, ఎల్లమ్మ నీకోసం అన్నం వండి పెట్టి సూస్తుందా" అని వెనక్కి పంపేవాడు. ఎక్కుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. పైకి చేరాక ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకునేవాళ్లు కూడా. ఇంట్లో రోజంతా నోరు విప్పని ముసలమ్మ గుట్ట మీద కూర్చుని తన పెళ్లినాటి ముచ్చట్లు చెబుతుంటే, అంతయ్య దూరంగా చుట్ట కాలుస్తూ వినేవాడు. ఆయనకు అంతకుమించిన సంతోషం లేదు.

బురుజు పరీక్ష మొదటి ప్రయాణం తర్వాత వచ్చింది. అప్పుడు నాగయ్య అనే ఉబ్బసం మనిషి సగం గుట్టలో కూలబడిపోయాడు. ముఖం కందిపోయి, నోట మాట రాకుండా పోయింది. గొంగడిలో వేసుకుని కిందికి మోసుకొచ్చారు. నాగయ్య బతికాడు గానీ, ఆయన కొడుకులు నలుగురిలో అంతయ్యను నానా మాటలన్నారు. "మా బాపును సంపుదామనే తీస్కపోయినవు" అన్న మాట ఆయనను చాలా రోజులు నిద్ర పోనివ్వలేదు.

అందుకని ఆ తర్వాత కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా సరే, ముందు ఊరి నడుమ ఉన్న పాత బురుజు ఎక్కాలి. పైకి చేరగానే తమ ఇంటి మనిషిని పేరు పెట్టి పిలవాలి. కింద నిలబడ్డ ఇంటి మనిషి "ఓ" అని పలకాలి. ఉత్తి కేకైతే ఆఖరి ఊపిరితోనైనా వేస్తారు, పేరు పెట్టి పిలవాలంటే రొమ్ములో ఇంకా దమ్ము మిగిలి ఉండాలని ఆయన లెక్క. పైగా ఇంటివాళ్లు అందరి ముందూ పలికారంటే, రేపు ఏదైనా జరిగితే మాకు తెలియదనడానికి వీలుండదు. ఈ రెండో సంగతి ఆయన పైకి చెప్పేవాడు కాదు.

పరీక్ష రోజు బురుజు దగ్గర ఊరంతా ఉండేది. ముసలమ్మలు కొంగు నడుముకు దోపుకుని ఎక్కి "ఓ కొండలూ" అని కొడుకును, "ఓ లింగవ్వా" అని కోడలిని పిలిచేవారు. కోడలిని అంత గట్టిగా పిలిచే భాగ్యం మళ్లీ దొరకదని కొందరు రెండుసార్లు పిలిచేవారు. పిలవలేనివాళ్లను అంతయ్య మొహమాటం లేకుండా ఆపేసేవాడు. ఆ పరీక్ష పెట్టాక ఆయన వెంట పోయినవాళ్లెవరూ దారిలో పడిపోలేదు. "అంతయ్య చేతిల పెడితే ఫికర్ లేదు" అని ఊళ్లో అనుకునేవారు. ఆ పేరంటే ఆయనకు మహా ఇష్టం. ఆ ఇష్టమే ఆయన కళ్లు కప్పింది.

నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్లకు, కిష్టవ్వ ఆయన దగ్గరికి వచ్చి తానూ గుట్టకు వస్తానంది. కిష్టవ్వది ఆయన ఉండే వాడే. వరసకు అక్క. పిల్లలు లేరు. ఉన్నదల్లా భర్త లచ్చయ్య. రజాకార్లు ఊళ్ల మీద పడ్డ రోజుల్లో లచ్చయ్యను చేను దగ్గరే పట్టుకుపోయారు. బతికున్నాడో లేడో తెలియని ఆ నెలల్లో కిష్టవ్వ ఎల్లమ్మకు మొక్కుకుంది. మనిషి తిరిగొస్తే గుట్టెక్కి, తన చేతులతో అమ్మకు పసుపు కుంకుమ పెట్టి, గాజులు తొడుగుతానని. మనిషి తిరిగొచ్చాడు, కానీ దగ్గు రోగంతో వచ్చాడు. ఆయనను విడిచిపోయే వీలు లేక మొక్కు ఏటికేడాది వెనకబడింది. ఇన్నాళ్లకు పక్కింటి సమ్మక్క ఆమె గుట్టకు పోయొచ్చేదాకా లచ్చయ్యను చూసుకుంటానని మాటిచ్చింది.

"ఈసారన్న నన్ను తోల్కపో తమ్మీ. ఆయన దగ్గినప్పుడల్ల, అమ్మ మొక్కు అడుగుతున్నట్టే ఉంటది. చెల్లియ్యకుంటే మనిషి దక్కడేమోనని బుగులయితంది" అంది.

"ముందుగాల బురుజెక్కు అక్కా" అన్నాడు అంతయ్య.

ఎక్కింది. ఎక్కడా ఆగకుండా, చేయి కూడా ఆనించకుండా ఎక్కింది. పైకి చేరి ఊరివైపు తిరిగి నిలబడింది. కింద జనంలో లచ్చయ్య కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది.

"పిలువక్కా, ఇంటి మనిషిని పిలువు" అని కిందనుంచి అరిచాడు అంతయ్య.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖం కందిపోయింది. ఆయన మళ్లీ అరిచాడు. ఆమె తల దించుకుంది. ఏటా గుట్టకు వచ్చే బాలవ్వ పక్కనుంచి "జర ఆగరాదు అంతయ్యా, గంత తొందరేంది" అంది. కానీ ఆ కందిన ముఖంలో అంతయ్యకు నాగయ్య ముఖమే కనబడింది.

"దమ్ము సాల్తలేదు, దిగిరా అక్కా. గుట్ట మీద నీకేమన్నయితే నేను జవాబు చెప్పలేను" అన్నాడు.

కిష్టవ్వ మారు మాట్లాడకుండా దిగి, ఆయన పక్కనుంచే ఇంటికి పోయింది. ఆమెకు రొప్పు లేదని అప్పుడైనా ఆయన చూడాల్సింది. చూడలేదు. అప్పటికే ఇంకొకరు మెట్లెక్కుతున్నారు. ఆ ఏడాది ప్రయాణం ఎప్పటిలాగే క్షేమంగా జరిగింది. తిరిగొచ్చాక ఆయన లచ్చయ్యకు ప్రసాదం కూడా పంపించాడు, అక్క విషయంలో మంచిపనే చేశానన్న తృప్తితో.

వానాకాలంలో లచ్చయ్య పోయాడు. పాడె మోసినవాళ్లలో అంతయ్య ఒకడు. దగ్గు రోగం మనిషి ఎన్నాళ్లుంటాడులే అనుకున్నాడు.

మళ్లీ మాఘం వచ్చింది. ఈసారి కొత్తగా వచ్చినవాళ్లలో సాయవ్వ ఉంది. ఆమె నోటికి ఊళ్లో మగవాళ్లు కూడా జంకుతారు. టకటకా బురుజెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది గానీ పిలవలేదు.

"ఏమే సాయవ్వా, దమ్ము ఒడిసిందా" అన్నాడు అంతయ్య.

"దమ్ముకేం తక్కువ లేదు గని, ఎవల్ని పిలవాల్నో నువ్వే చెప్పు. బిడ్డలు అత్తగారిండ్లకు పోయిరి. ఇంట్ల మిగిలింది గీ ముసలాయన. మొగని పేరు వెట్టి బురుజు మీదికెల్లి ఒర్రుమంటవా? నాకు లేకున్న నీకన్న సిగ్గుండాలె గదా."

అందరూ విరగబడి నవ్వారు. కింద నిలబడ్డ సాయవ్వ భర్త తల గోక్కున్నాడు. అంతయ్య కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇన్నేళ్లుగా బురుజెక్కిన ఆడవాళ్లందరికీ పిలవడానికి కొడుకో, కోడలో, మనవరాలో ఉన్నారు. కిష్టవ్వకు ఎవరున్నారు? భర్త పేరు పలికే ఆడది ఆ ఊళ్లో ఒక్కతీ లేదు. తన భార్య ఇన్నేళ్ల కాపురంలో "ఇగో" అనే తప్ప ఇంకోలా పిలవలేదు. చిన్న పిల్లలకు కూడా తెలిసిన సంగతి తన తలకెక్కలేదు. దమ్ము, దమ్ము అని ఊగిపోయాడు తప్ప, పైన నిలబడ్డ మనిషి ఎవరో, ఆమె ఇల్లు ఎలాంటిదో ఒక్క క్షణం ఆలోచించలేదు. బురుజు పరీక్ష అక్కడితోనే ఆగిపోయింది. తర్వాతి ఏళ్లలో ఆయన మళ్లీ ఎవరినీ ఎక్కించలేదు, ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ రోజు మాత్రం, ఎక్కడివాళ్లను అక్కడే వదిలేసి నేరుగా కిష్టవ్వ ఇంటికి నడిచాడు.

కిష్టవ్వ అరుగు మీద కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు.

"అక్కా, ఆనాడు బురుజు మీద నీకు దమ్ముండె గదా" అన్నాడు.

"ఉండె."

"మరి ఎందుకు చెప్పలే? ఒక్క మాటంటే అయిపోవు గదా."

ఆమె చేతిలో పని ఆపలేదు. "నీకెరుక లేదా తమ్మీ, మా ఇంట్ల ఆయన తప్ప ఎవలున్నరు? ఎరుకుండి గూడ పిలువుమన్నవంటే, నన్ను తోల్కపోవుడు నీకిష్టం లేదనుకున్న. నలుగురిల మొఖం మీద వద్దనలేక గట్ల అన్నవనుకున్న. ఇష్టం లేనోళ్లను ఏమని బతిలాడుదు?"

అంతయ్య అరుగు అంచున కూర్చున్నాడు. ఆమె తిడితే బాగుండుననిపించింది.

"ఈసారి రా అక్కా. చెయ్యి పట్టుకుని ఎక్కిస్త. నడువకుంటే మోసుకపోత" అన్నాడు. అంటుండగానే ఆ మాటలకు వేళ దాటిపోయిందని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"వచ్చి ఏం జెయ్యాలె? గీ చేతులతోని అమ్మకు పసుపు కుంకుమ పెడ్తరా?"

ఏదో ఒకటి అనకుండా ఉండలేక, "గుట్ట మీద నీకేమన్నయితదని భయపడ్డ అక్కా, గందుకే" అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ అంతకంటే ఎక్కువగా తన పేరు పోతుందని భయపడ్డానని, ఆ మాట అనేటప్పుడే ఆయనకు అర్థమైంది.

కిష్టవ్వ చేతులు ఆగాయి. అప్పటిదాకా చింతపండు మీదే ఉన్న చూపు ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"అయితే ఏమాయె తమ్మీ? మొక్కు చెల్లిచ్చి, ముత్తైదువ లెక్క గుట్ట మీదనే పోదును. ఆయన ఉండేటోడు."