దవాఖాన వాసన కొట్టిన సీసా

మా మేనమామ పోయాడన్న కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. మధ్యాహ్నం నాయ్‌గావ్‌లో మా సర్కారీ కచేరీలో ఫైళ్ల ముందు కూర్చుని ఉన్నాను. కండక్టరు నాందేడ్ బండి దిగి కిటికీ దగ్గరకు వచ్చి, "సాబ్, మీ మామ పొద్దుగాల పోయిండట. మీ అత్తమ్మ జల్ది రమ్మన్నది" అని చెప్పి, మళ్లీ బండెక్కి దేగ్లూర్ వైపు వెళ్లిపోయాడు. నేను నాందేడ్ చేరేసరికి గోదావరి ఒడ్డున చితి సగం కాలింది. అక్కడ నిలబడ్డ ఒక పెద్దమనిషి పక్కాయనతో, "ఎంతైనా తాగుడు మనిషిని తినేస్తది" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. మా మామ జన్మ మొత్తంలో మింగింది ఆ పెద్దమనిషి ఒక్క పెళ్లి విందులో మింగే దానికన్నా తక్కువ.

మామ తాగేవాడు కాదు, రుచి చూసేవాడు. ఈ రెంటికీ తేడా ఊరికి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

నిజాం కాలంలో ఆయన రైల్వే దొరలు ప్రయాణించే సెలూన్ బోగీలో బట్లరు. ఒక స్కాట్లండు దొర ఆయన ముక్కు పదును చూసి ముచ్చటపడి, తమ దేశపు విస్కీల తేడాలన్నీ నేర్పాడట. పది చోట్ల సరుకు కలిపి అమ్మేది వేరు. ఒకే భట్టీలో, ఒక్క బార్లీతోనే కాచి, ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో పెట్టే సింగిల్ మాల్ట్ వేరు. దొరలు వెళ్లిపోయాక మామ నాందేడ్ స్టేషన్ క్యాంటీన్‌లో చాయ్ పోయించే పనికి కుదిరాడు. నేర్చుకున్న విద్య మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ రోజుల్లో మా దగ్గర పర్మిట్ లేనిదే మందు ముట్టకూడదు. ఫారిన్ సీసా అంటే బొంబాయి నుంచి చేతులు మారి మారి రావాలి. అందులో సగం నకిలీవి. కనుక పత్తి జిన్నింగు మిల్లుల సేట్లు, గుత్తేదార్లు, ఆఫీసర్లు ఇంట్లో విందు పెట్టుకుంటే ముందు మామకు కబురు పంపేవాళ్లు. ఆయన చూసి చీటీ అంటించనిదే సీసా బయటికి తీసేవాళ్లు కాదు.

మామ ఎవరింటికీ పొద్దున పది దాటాక వెళ్లేవాడు కాదు. ముందురోజు నుంచే పాన్, ఉల్లిగడ్డ బంద్. చుక్క అరచేతిలో వేసి రుద్ది, ఆరాక వాసన చూసేవాడు. గ్లాసులో రెండు చెంచాల కుండనీళ్లు కలిపి, ఒక గుక్క నోట్లో నిలుపుకుని, కళ్లు మూసుకుని, చివరికి మోరీలో ఉమ్మేసేవాడు. అప్పుడు తెలుగులో చీటీ రాసేవాడు: "ముందు కాల్చిన మక్కకంకి, నడుమ తేనె, పోయేటప్పుడు కొత్త గోనెసంచి. అసలు." ఇంకోసారి, "కిన్వట్ అడవిల ఎండిన ఇప్పపువ్వు. చానా నెమ్మదైనది. అసలు." నకిలీ అయితే ఒక్క ముక్కే: "చక్కెర మాడబెట్టి రంగేసిండ్రు." స్కాట్లండులో కాచినదాన్ని ఆయన మన పొలాల్లోంచి, పొయ్యిల్లోంచి పట్టుకునేవాడు. మా అత్తమ్మ మాత్రం, "ఊరోళ్లు మింగెతందుకు సస్తరు, ఈయనేమో ఉమ్మెతందుకు పోతడు" అని నవ్వేది.

ఆ విద్య ఆయన ఒక్కడికే నేర్పాడు, నాకు. "తొందరపడకు అల్లుడా. ముందుగాల ముక్కును చెప్పనియ్యి, నాలికె వంతు తర్వాత" అనేవాడు. చీటీలను మరాఠీలో చదివి వినిపించేది నేనే. మామ చెయ్యి కింద తయారైనవాణ్ణని నాక్కూడా కాస్త మర్యాద జరిగేది. అప్పటికి నేను నాందేడ్‌లోనే ఒక సర్కారీ దఫ్తరులో టెంపరరీ గుమాస్తాని. ఖాయం చేసే కాగితం మా సాహెబు బల్ల మీద ఉంది.

డెబ్బైల్లో ఒక ఆదివారం ఆ సాహెబు తన పైఅధికారికి ఇంట్లో మధ్యాహ్నం భోజనం పెట్టాడు. పొద్దున మామ వెళ్లి సీసా చూసి, అసలుదని చీటీ అంటించి వచ్చాడు. మళ్లీ భోజనం వేళకు, పైఅధికారికి ఆ సీసా గొప్ప చెప్పడానికని మమ్మల్నిద్దర్నీ పిలిపించారు. పైఅధికారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడో లేదో మొహం చిట్లించాడు. "యే క్యా హై? దవాఖానే కా పానీ పిలారే క్యా?" అన్నాడు, ఆసుపత్రి నీళ్లు తాగిస్తున్నారా అని.

మామ గుమ్మం దగ్గర నిలబడి, మెల్లగా దక్కనీ ఉర్దూలో చెప్పాడు. అది సముద్రం నడుమ ఒక దీవిలో కాచింది, అక్కడ బార్లీని చిత్తడి నేలలో తవ్వితీసిన మట్టిగడ్డలు కాల్చి ఆ పొగ మీద ఆరబెడతారు, ఆ దవాఖాన వాసనే దాని గుణం, సరుకు అసలుదే అని. నిజానికి ఆయన చీటీలో కూడా అదే రాశాడు. కానీ పైఅధికారి నకిలీ అన్నాక అసలుదనడానికి మా సాహెబుకు నోరెక్కడిది? ఆయన నావైపు తిరిగాడు. "ఈయన దగ్గరే నేర్చుకున్నవ్ గదా. తూ బోల్."

గ్లాసు అందుకున్నాను. తడి కట్టెల పొగ, ఉప్పు, వాటి వెనక ఎక్కడో సన్నని తీపి. అంత గొప్పది నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. మింగి, "నకిలీదే సాహెబ్" అన్నాను.

మామ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. నౌకరు ఆ సీసాను అందరి ముందే మోరీలో వంపేశాడు.

బయటివాడెవడో అని ఉంటే ఊరు నమ్మేది కాదు. శిష్యుడే అన్నాడు కనుక నమ్మింది. బట్లరు నాలుక చచ్చిందన్నారు, తాగి తాగి మొద్దుబారిందన్నారు. రెండు నెలల్లో ఆయన్ని పిలిచే ఇల్లు లేకుండా పోయింది. నా కాగితం మీద సంతకం పడింది. ఆ తర్వాత మామ పదేళ్లకు పైగా బతికాడు. నేను పండక్కీ పబ్బానికీ వెళ్లేవాణ్ణి, అత్తమ్మ వడ్డించేది, తినేవాణ్ణి. మామ నా బదిలీల గురించి, పిల్లల చదువుల గురించి అడిగేవాడు. ఆ ఆదివారం ఊసు ఆయన ఎత్తలేదు. ఎత్తకపోవడాన్ని నేను అదృష్టం అనుకున్నాను. సిగ్గులేనివాణ్ణి.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి ముడితే తృప్తిపడ్డారనుకోవడం మా ఆచారం. అన్నం, మటన్ కూర, చాయ్ పెట్టారు. దగ్గరివాళ్ల కుర్రాడొకడు నాసిరకం విస్కీ గ్లాసులో పోసి పెట్టాడు. కాకి గోడ మీద వాలింది, దిగలేదు. అర్ధగంట గడిచింది. "అత్తమ్మను మంచిగ చూసుకుంటం" అని ఒకరు, "పదకొండో దినం పెద్దర్మం ఘనంగ చేస్తం" అని ఇంకొకరు మొక్కారు. కాకి కదల్లేదు.

నేను ముందుకు వెళ్లి దండం పెట్టి, అందరికీ వినపడేలా అన్నాను. "మామా, ఆ సీసా అసలుదే. నేను అబద్ధమాడిన."

"ఏ సీసా?" అన్నారెవరో. నాలుక చచ్చిందని ఊరంతా చాటినవాళ్లు అక్కడ ముగ్గురైనా ఉన్నారు. ఒక్కరికీ గుర్తు లేదు.

అత్తమ్మ లేచి వచ్చింది. విస్తట్లోని గ్లాసు తీసి, వాసన చూసి, నేల మీద వంపేసింది. నావైపు చూడకుండానే అంది. "ఆ దినమే ఇంటికచ్చి చెప్పిండు బిడ్డా. వాని నౌకరి ఖాయం గావాలె, వాణ్ణేం అనకు అన్నడు. నేను అనలే. నువ్వే ఎన్నడన్న చెప్తవని ఎదురు సూసిండు." ఖాళీ గ్లాసు నేల మీద బోర్లించి, "మల్లొకసారి చెప్పు. కాకైన ఇంటదేమో" అంది.

మళ్లీ చెప్పాను. వంపిన చోట మట్టి ఎండకు ఆరిపోతోంది. కాకి గోడ మీదే ఉంది.