ఆరిన తర్వాత చూడాల్సిన గాజు

కరోనా ఆంక్షలు పోయి షూటింగులు మళ్లీ ఊపందుకున్న ఏడాది, డిసెంబరు మొదటి వారంలో నన్ను జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రూటుకి వేశారు. అప్పటికి నేను సోలార్ వాటర్ హీటర్ల కంపెనీలో సీనియర్ సర్వీస్ టెక్నీషియన్ని. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన సర్వీస్ మేనేజరు. చదివింది ఐటీఐ ఫిట్టరు. మిగిలిన చదువు వెంగళరావు నగర్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో, ఆదివారాలు. వేడినీళ్లు తేలికై పైకి వెళతాయి, చన్నీళ్లు బరువుగా కిందికి దిగుతాయి, అందుకే మోటారు లేకుండానే నీళ్లు వాటంతట అవే తిరుగుతాయి అన్న సంగతి నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. అట్ట ఊడిపోయిన ఒక తెలుగు భౌతికశాస్త్రం పుస్తకంలో చదువుకున్నాను. ఆ గర్వం నాకు ఎప్పుడూ ఉండేది. ఈ సంగతిలో ఆ గర్వం నాకు ఒకసారి అడ్డుపడింది, ఆ చదువు ఒకసారి ఉపయోగపడింది.

చలికాలం మాకు సీజను. రోజుకు పది, పన్నెండు కంప్లయింట్లు. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద రాజ్యలక్ష్మి గారిల్లు ఆ వారం నాకు వచ్చినవాటిలో ఒకటి. ఆవిడది తెనాలి వైపు. భర్త సినిమా దుస్తులకు బట్టలు సప్లై చేసేవారట, పోయి చాలా ఏళ్లయింది. మేడ పెద్దది కావడంతో అప్పుడప్పుడు షూటింగులకు ఇస్తుంటారు. మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే వేడినీళ్ల కాపడం పడితే గానీ లేచి నడవలేరు. మూడు వారాలుగా నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయని ఆవిడ కంప్లయింటు.

పొద్దున ఎనిమిదికల్లా మేడ ఎక్కాను. మూడు వందల లీటర్ల ట్యాంకు, దాని ముందు మూడు కలెక్టర్లు. కలెక్టరంటే నల్లరంగు వేసిన రాగిరేకు మీద గాజు బిగించిన పెట్టె. ఎండను పట్టేది అదే. ట్యాంకుకు చన్నీళ్లు సరిగానే వస్తున్నాయి. గాలి పోయే గొట్టంలో అడ్డు లేదు. డ్రెయిన్ వాల్వు తిప్పితే కొంచెం సున్నం పొడి పడింది గానీ, పైపులు పూడిపోయేంత కాదు. ఇక గాజులు చూశాను. మూడూ తెల్లగా మసకబారి ఉన్నాయి. బకెట్టు నీళ్లు కొట్టి గుడ్డతో తుడిస్తే లోపలి నల్లరేకు నిగనిగలాడుతూ కనబడింది. దుమ్మే అని తేల్చేశాను.

వాచ్‌మన్ నర్సింహులు పక్కనే నిలబడి ఉన్నాడు. గేటు పక్క గదిలో భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటాడు. ఇంటి పనులతోపాటు వారానికి రెండుసార్లు ఆ గాజులు తుడవడం కూడా అతని పనే. "ఆరినంక జూడుండ్రి సార్," అన్నాడు. "గీ నడుమ నేను రోజు తుడుస్తున్న. తడిగున్నంత సేపు మంచిగనే కనబడతది. ఎండినంక మళ్ల తెల్లగైతది."

విన్నాను. కానీ ఇంకా తొమ్మిది ఇళ్లున్నాయి. పైగా గాజు సంగతి వాచ్‌మన్ నాకు చెప్పేదేమిటన్న భావం కూడా ఉంది. అది ఇప్పుడు దాచుకోవలసిన పని లేదు.

మా పద్ధతి ప్రకారం ప్రతి ఇంట్లోనూ జాబ్‌కార్డు రాయాలి. మూడు ప్రతులు. తెల్లది ఇంటివాళ్లకు, గులాబీది ఆఫీసుకు, పసుప్పచ్చది మా పుస్తకంలో. అందులో 'లోపానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. ఏమీ తేలనప్పుడు అందరం రాసే మాట ఒకటుంది: 'నిర్వహణ లోపం'. ఆ మాట రాస్తే కంపెనీ తప్పు కాదు, టెక్నీషియన్ తప్పు కాదు, కార్డు మూసేయవచ్చు. నేనూ అదే రాశాను. కింద నా అంతట నేనే ఇంకో వాక్యం కలిపాను: 'గాజులు శుభ్రం చేయడం లేదు.' రాజ్యలక్ష్మి గారు సంతకం పెట్టారు.

రెండు వారాల తర్వాత అదే ఇంటి నుంచి మళ్లీ కంప్లయింటు. ఈసారి నేను వెళ్లేసరికి పదకొండు దాటింది. గేటు పక్క గది ముందు ఒక ట్రంకుపెట్టె, పాత చీరల్లో కట్టిన సామాన్ల మూటలు ఉన్నాయి. నర్సింహులు భార్య లక్ష్మమ్మ గిన్నెలు సర్దుతోంది. నా చేతిలో సంచి చూసి గుర్తుపట్టింది.

"గా కాయితం రాసింది మీరేనా సారూ?"

అవునన్నాను.

"ఇంగొక్క ముక్క రాయకపోతిరి, గీ మూటలు గూడ మీరే మోస్తరని," అంది తల ఎత్తకుండా.

నర్సింహులు ఆమెను గదిమాడు గానీ గట్టిగా కాదు. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయమన్నారట. పిల్లలు దగ్గర్లోని సర్కారు బడిలో చదువుతున్నారు. బోరబండలో తమ్ముడి ఇంట్లో ఒక మూల దొరుకుతుందేమో చూస్తున్నానన్నాడు.

రాజ్యలక్ష్మి గారిని అడిగాను. ఆవిడ కఠినమైన మనిషేమీ కాదు. "నాకు మేడ ఎక్కే ఓపిక లేదండీ. తుడుస్తున్నానని అతనంటాడు. తుడవడం లేదని మీరు రాశారు. చదువుకున్నవారు, కాగితం మీద పెట్టారు. ఎవరి మాట నమ్మమంటారు?" అన్నారు. కాస్త టైమివ్వండమ్మా అని మేడ ఎక్కాను.

మిట్టమధ్యాహ్నం దాకా ఆగి, కలెక్టర్లలోకి నీళ్లు వెళ్లే పైపుకూ బయటికి వచ్చే పైపుకూ థర్మామీటరు ఆనించాను. మంచి ఎండలో ఆ రెంటికీ తేడా చేతికే తెలిసిపోవాలి. ఇక్కడ రెండు మూడు డిగ్రీలు కూడా లేదు. మూడు కలెక్టర్లలోనూ అంతే. సున్నం పట్టి ఉంటే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండేది. మూడూ ఒకేలా మందగించాయంటే పైపులది కాదు తప్పు. ఎండే లోపలికి వెళ్లడం లేదు.

అప్పుడు చేశాను నర్సింహులు మొదటిరోజే చేయమన్న పని. గాజు మీద నీళ్లు కొట్టి, తుడిచి, పిట్టగోడ నీడలో కూర్చున్నాను. అతనూ కూర్చున్నాడు. అయిదు నిమిషాల్లో గాజు అంచుల నుంచి ఆరడం మొదలైంది. ఆరినచోటల్లా తెలుపు తిరిగి వచ్చింది. నల్లరేకు కనబడకుండా పోయింది.

"జూసిండ్రా?" అన్నాడు.

గరుకు గాజు తడిస్తే తేటగా కనబడుతుందని, నీళ్లు ఆ గరుకును పూడుస్తాయని నేను ఆ లైబ్రరీ పుస్తకంలోనే చదివాను. మొదటిరోజు గుర్తుకు రాలేదు. గోటితో గీకాను. సన్నటి పొర లేచింది. దుమ్ము కాదు, రంగు. మూడో కలెక్టరుకు ముందు నుంచి ఒక ఇనుప పైపు వెళుతుంది. దాని వెనక గాజు మీద పైపంత వెడల్పున ఒక చార మాత్రం అద్దంలా మెరుస్తోంది. దుమ్ము అలా పైపును తప్పించుకుని పడదు. ఎదురుగా నిలబడి ఎవరో స్ప్రే కొట్టారు.

ఇక్కడ షూటింగ్ జరిగిందా అని అడిగాను. నవంబరులో రెండు రోజులు, మేడ మీద పాట తీశారన్నాడు. ఆ రెండు రోజులూ అతను గేటు దగ్గర వ్యాన్ల కాపలాలో ఉన్నాడు. పైకి రానివ్వలేదు. రాజ్యలక్ష్మి గారు మోతీనగర్‌లో అక్కగారింట్లో ఉన్నారు.

కిందికి దిగి ఈ సంగతి చెబితే, ఆవిడ ఆ సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంటు అసిస్టెంటుకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, మేడ మీది గాజుల గురించి అడిగారు. "అవా అమ్మా! హీరోయిన్ కంటే అవే ఎక్కువ మెరుస్తున్నాయని కెమెరామన్ గారు ఒకటే అరుపు. డల్ కొట్టాం," అన్నాడతను. మెరిసే వస్తువుల మీద ఎండ కెమెరాలోకి కొట్టకుండా మసక స్ప్రే చల్లడం వాళ్ల వృత్తిలో మామూలు. మామూలుగా వాడేది మైనంలాంటిది, గుడ్డతో పోతుంది. ఆ రోజు ఆ డబ్బాలు అయిపోయాయట. ఫర్నిచరుకు వేసే మసక వార్నిష్ స్ప్రే రెండు మూడు పూతలు కొట్టారు. "ప్యాకప్ హడావుడిలో మర్చిపోయామమ్మా. అవి పనిచేసే సామాన్లని కూడా తెలీదు, సెట్ ప్రాపర్టీ అనుకున్నా." రాజ్యలక్ష్మి గారు ఫోను పెట్టేశారు.

మళ్లీ మేడ ఎక్కి, రంగును కరిగించే థిన్నరుతో గుడ్డ తడిపి ముందు ఒక మూల ప్రయత్నించాను. పొర కరిగింది. గాజు చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి థిన్నరు తగిలితే ఉబ్బిపోతుంది, అందుకని అంచుల దగ్గర బ్లేడుతోనే గీకాము. నర్సింహులు రెండు కలెక్టర్లు చేసేలోపు నేను ఒకటి చేశాను. గాజు ఆరేదాకా కూర్చుని చూశాము. ఈసారి ఆరినా నల్లగానే ఉంది. మధ్యాహ్నం మూడింటికి బయటికి వచ్చే పైపు పట్టుకుని అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాలిన వేళ్లు చూసుకుంటూ నవ్వాడు. ఆ ఇంట్లో అతను నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

రాసిన కార్డును కొట్టేయడానికి మాకు అధికారం లేదు. కొత్త కార్డు రాసి, పాతదాని నంబరు వేసి, అది తప్పని కారణంతో సహా పేర్కొనాలి. అలా చేస్తే టెక్నీషియన్ రికార్డులో ఒక తప్పు నమోదవుతుంది. అందుకే ఎవరూ చేయరు. నేను రాశాను: 'గాజుపై వార్నిష్ పూత. గాజులు క్రమం తప్పకుండా శుభ్రం చేస్తున్నారు. మొదటి కార్డులోని కారణం నా పొరపాటు.' తెల్ల ప్రతిని రాజ్యలక్ష్మి గారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, నర్సింహులును పిలిచి, అతని ముందు పైకి మళ్లీ చదివారు. "మూటలు లోపల పెట్టించు," అన్నారు. నేను వచ్చేటప్పుడు లక్ష్మమ్మ ట్రంకుపెట్టె ఒక కొస పట్టుకుని, రెండో కొస చూపిస్తూ నా వైపు చూసింది. పట్టుకున్నాను. గదిలో పెట్టాక, "ఇగ సరిపాయె సారూ," అంది.

మర్నాడు పొద్దున రాజ్యలక్ష్మి గారే ఫోను చేసి, నీళ్లు చన్నీళ్లు కలుపుకోనిదే చెయ్యి పెట్టనివ్వడం లేదని చెప్పారు. సూపర్‌వైజరు గులాబీ ప్రతి చూసి, నీ మీద నువ్వే రాసుకునేంత తీరిక ఉందా అని మందలించాడు.

పరికరం పనిచేసే స్థితిలో చూడకుండా కారణం రాయకూడదు. కలెక్టరు పనిచేసేది ఎండలో, ఆరిన గాజుతో. నేను మొదటిసారి చూసింది చల్లటి పొద్దున, తడి గాజును. దాన్ని రోజూ చూసేవాడు చెప్పింది కొలతతో సమానంగా తీసుకుని పరీక్షించాలి. కారణం తేలకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి. రిటైరయ్యేదాకా అలాగే వదిలాను. ఎందుకు ఖాళీ అని ఆఫీసులో ప్రతిసారీ అడిగేవారు. మళ్లీ వెళ్లి చూడాలి అని చెప్పేవాణ్ని, వెళ్లేవాణ్ని.