వేణ్ణీళ్ల పెద్దమ్మ రైలెక్కిన రోజు

ఆ వీధిలో ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. కొండ రైలు నడిపే పెద్ద డ్రైవరు భార్య కాబట్టి చాలాకాలం డ్రైవరుగారి భార్య అన్నారు. తరవాత ఎవరి నోట మొదలైందో గానీ, వేణ్ణీళ్ల పెద్దమ్మ అయిపోయింది. ఆ పేరు వెనక ఒక కూత ఉంది.

పాత ఆవిరి బండి పొద్దున యాత్రికులను కొండ మీదికి తీసుకుపోయి సాయంత్రం దించుతుంది. దిగేటప్పుడు సొరంగానికి ముందు ఒక మలుపు వస్తుంది. ఆ మలుపుకి సరిగ్గా కింద, లోయ అంచున ఆవిడ ఇల్లు. భర్త ఆ చోటికి రాగానే పొట్టిగా ఒక కూత వేసేవాడు. వస్తున్నాను, నీళ్లు పెట్టు అని దాని అర్థం. పెళ్లైన కొత్తలో ఇద్దరూ అనుకున్న మాట అది. బొగ్గు మసితో ఇంట్లోకి వస్తే గోడలు కూడా నల్లబడతాయని ఆయన పెరటి వైపు నుంచే వచ్చేవాడు. ముక్కాలి పీట మీద కూచుని నెత్తి మీద నాలుగు చెంబులు గుమ్మరించుకుంటే గానీ గడప దాటేవాడు కాదు.

"నీళ్లు పడేదాకా నేను కాకికి అన్ననే. తరవాతే నీ మొగుణ్ణి" అనేవాడు.

కూత వినగానే ఆవిడ పెరటి పొయ్యిలో పుల్లలు ఎగదోసి కాగు కింద మంట పెట్టేది. ఆయన బండిని షెడ్డులో అప్పగించి నడిచొచ్చేసరికి నీళ్లు సలసల కాగుతుండేవి.

ఆ రైలు ఆవిడ ఒక్కసారీ ఎక్కలేదు. ఎప్పుడడిగినా, "ఇద్దరం బండిలో ఉంటే నీళ్లెవరు పెడతారే?" అని నవ్వేసేవాడు. రిటైరయ్యాక తీసుకెళతానన్నాడు. రిటైరవకుండానే పోయాడు.

మనిషి పోయాడు గానీ కూత పోలేదు. ఆయన దగ్గర ఫైర్‌మన్‌గా బొగ్గు వేసినవాడే ఇప్పుడు డ్రైవరు. అదే మలుపులో, అదే పొట్టి కూత వేస్తున్నాడు. అది చెవిన పడగానే ఆవిడ చెయ్యి దానంతటదే అగ్గిపెట్టె మీదికి పోయేది. నీళ్లు కాగేవి. కాగి చల్లారేవి. మర్నాడు వాటితో అంట్లు తోముకునేది. తాను మాత్రం ఎప్పటిలాగే పంపు కింద చన్నీళ్లు పోసుకునేది. కాగులోవి ఆయన నీళ్లు.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ గోడ మీంచి చూసి ఊరుకోలేదు. "ఎవరికి పెద్దమ్మా ఈ వేణ్ణీళ్లు? అల్లుడొస్తున్నాడా?"

"కూతురుంటే కదే అల్లుడు" అంది ఆవిడ.

నవ్వుతో పోవాల్సింది, పోలేదు. ఒక సాయంత్రం నీళ్లు పెట్టడంతో ఆగక, పెట్టెలోంచి ఆయన తువ్వాలు తీసి పెరటి తలుపు మీద వేసింది. వేసి, ఆయన వచ్చే దారి వైపు చూస్తూ నిలబడింది. చీకటి పడ్డాక గానీ తాను చేసిన పని తనకి తెలియలేదు. అప్పుడు భయం వేసింది.

"ఆ కూత ఆపకపోతే నాకు మతి పోతుందే" అంది మర్నాడు, కుట్టుమిషను పక్కన కూచుని.

"మరైతే వెళ్లి చెప్పు. అడగందే అమ్మయినా పెట్టదు. ఆ డ్రైవరు నీ చేతి తిండి తిన్నవాడే కదా!"

"బండి దిగి ఎప్పుడు పోతాడో, ఎటు పోతాడో!"

"అయితే బండే ఎక్కు. నీళ్లు పట్టించుకోడానికి సొరంగం అవతల ఆగుతుందిగా, అప్పుడు చెప్పు."

అలా పెద్దమ్మ రైలెక్కింది. ఉతికిన చీర, చేతిసంచీ, సంచీలో నీళ్ల సీసా. పెట్టెల ముందు నిలబడి ఇంజను కోసం వెతికింది. ముందు వైపు ఏమీ లేదు.

"ఇంజనేదయ్యా?" అని టిక్కెట్లు చూసేవాణ్ణి అడిగింది.

"వెనకాలుందండీ. ఎక్కేటప్పుడు తోస్తుంది, దిగేటప్పుడు ముందుండి కాసుకుంటుంది."

ఆవిడకి అదొక కొత్త వార్త. ఇన్నేళ్లూ ఆయన బండిని ముందు నిలబడి లాక్కుపోతున్నట్టే ఊహించుకుంది. పాపం, వెనక నుంచి తోశాడన్న మాట.

పైకి వెళ్లినంతసేపూ లోయంతా మంచు. మలుపు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో తెలియలేదు. కొండ మీద అందరూ జంటలుగా, గుంపులుగా ఫొటోలు దిగుతుంటే ఆవిడ ఒక బల్ల మీద కూచుంది. ఎదురు సీటులో కూచుని వచ్చిన కొత్త పెళ్లికూతురు దగ్గరికొచ్చి, "మీతో ఎవరూ రాలేదా అండీ?" అంది.

"లేదమ్మా. వస్తానన్న మనిషి రాలేకపోయాడు."

"అయ్యో. అయితే మా ఇద్దరికీ ఒక ఫొటో తీసి పెడతారా?"

తీసి పెట్టింది. తలలు తెగిపోయాయి. ఆ పిల్ల ఫొటో చూసుకుని థాంక్సండీ అని వెళ్లిపోయింది.

దిగేటప్పుడు ఎండ కాసింది. పెద్దమ్మ కిటికీ పక్కన, ఇంజనుకి దగ్గరి పెట్టెలో కూచుంది. చెప్పాల్సిన మాటను లోపల పదిసార్లు తిరగేసుకుంది. బాబూ, ఆ కూత వెయ్యకు. అంతే. రెండు ముక్కలు.

బండి మలుపు తిరిగింది. కూత పడింది. మీద నుంచి వింటే అది పొట్టిగా లేదు, గుండెల్లో గుద్దినట్టుంది. అలవాటుగా చెయ్యి కదిలింది. సంచీ తప్ప ఏమీ తగల్లేదు.

"ఈ కూత ఎందుకో తెలుసా అండీ?" అని మైకు పట్టుకున్న గైడు అందుకున్నాడు. "పూర్వం ఇక్కడ ఒక పులి పట్టాల మీద పడుకునేదట. దాన్ని లేపడానికి వేసేవాళ్లు. పులి పోయినా మర్యాద మిగిలింది!"

అందరూ నవ్వారు. పెద్దమ్మ వాళ్లతో నవ్వలేదు, కిందికి చూసింది. అరచేతిలో పెట్టి చూపించినట్టు తన పెరడు. దండెం, పంపు, కాగు, ముక్కాలి పీట. మనిషి లేడు. పొగ లేదు. వదిలేసి పోయిన ఇల్లులా ఉంది. ఇన్నేళ్లూ ఆయన చూసింది ఇదా అనుకుంది. కూత వేసి, కింద పొగ లేచేదాకా చూసేవాడా? ఆ సంగతి ఒక్కనాడూ చెప్పలేదే! తన పొగ కూడా ఒక జవాబేనని తనకి తెలియనే తెలియదు.

సొరంగం దాటాక బండి నీళ్లకి ఆగింది. ఆవిడ మెల్లగా దిగి ఇంజను దగ్గరికి నడిచింది. పైన ఫైర్‌మన్ నీటి గొట్టం పట్టుకుని ఉన్నాడు. డ్రైవరు కింద చక్రాల దగ్గర నూనె పోస్తున్నాడు.

"ఇవాళ పొగ లేదన్నా. చూశావా?" అన్నాడు ఫైర్‌మన్.

"చూశాను. అదే మనసు కీడు శంకిస్తోంది. ఏనాడూ తప్పలేదు. జ్వరమేమో. బండి పెట్టేసి ఇద్దరం ఒకసారి వెళ్లొద్దాం" అంటూ లేచిన డ్రైవరు, ఆవిణ్ణి చూసి నూనె డబ్బా వదిలేసినంత పని చేశాడు. "పెద్దమ్మా! నువ్విక్కడున్నావా! హడలగొట్టావు కదా! అందుకా పొగ లేదు!"

"నా పొగతో నీకేం పనిరా?" అంది ఆవిడ.

"భలేదానివి. పొగ చూడకుండా సొరంగంలోకి ఎలా వెళతాం? పెద్దాయన నేర్పిందే. మలుపులో ఒక కూత వెయ్యి, కింద పొగ లేస్తుంది, అది ఎటు వాలితే గాలి అటు. ఇటు వాలిందా, సొరంగంలో మసి మన మొహానికే అన్నాడు. నేను వీడికి కూడా అదే నేర్పాను."

"కూత వేస్తే పొగ ఎందుకు లేస్తుందో అడగలేదా?"

"అడిగితే ఊరుకునేవాడా! చెప్పింది చెయ్యి అన్నాడు."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లాం చేత నీళ్లు పెట్టించుకోడానికి సర్కారు ఇంజను చేత కూత వేయిస్తున్నానని చెప్పడానికి సిగ్గుపడి, మహానుభావుడు గాలి మీదికి తోశాడు! ఆ నవ్వు ఎవరితో పంచుకోవాలి? పంచుకోవాల్సిన ఒక్క మనిషీ లేడు. నవ్వు వచ్చినంత వేగంగానే ఆగిపోయింది.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?" అన్నాడు డ్రైవరు.

రెండు ముక్కలూ నాలుక చివరే ఉన్నాయి. ఫైర్‌మన్ కూడా గొట్టం పట్టుకునే ఇటు తిరిగి చూస్తున్నాడు.

"దాహంగా ఉంది. మంచినీళ్లుంటే పొయ్యి" అంది, సంచీలో నిండు సీసా పెట్టుకుని.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి పొయ్యి చల్లగా ఉంది. వెలిగించలేదు.

మర్నాడు వేళకి పెరట్లో పీట మీద కూచుంది. ఆయన పీట మీద ఆవిడ కూచోవడం అదే మొదలు. కూత పడింది. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది, కానీ వెంటనే గియ్యలేదు. పొగ లేస్తే ఎవరూ రారు. లేవకపోతే ఇద్దరు పరిగెత్తుకుని వస్తారు. ఒక్కసారి, ఒక్కసారే, రానిస్తే ఏమవుతుంది అనిపించింది. అంతలోనే కొండ మీద, సొరంగం ముందు, తల బయటికి పెట్టి కిందికి చూస్తున్న వాళ్లిద్దరూ కళ్లకి కట్టారు.

పుల్ల గీసింది. బాగా కనబడాలని మంట మీద పచ్చి కొమ్మ కూడా వేసింది. పొగ నిటారుగా లేచింది.

నీళ్లు కాగాక కాసేపు చూసింది. ఎవరూ రారని తెలుసు. పెరటి తలుపు గడియ వేసి, పంపు దగ్గరున్న చెంబు తెచ్చుకుని, ఆ వేణ్ణీళ్లు తానే పోసుకుంది.