కొండతాతకు మూడు హారన్లు

భర్త పోయాక బువాలోయ్ పికప్ నడపడం ఇదే మొదటిసారి. ఆరేళ్ల కూతురు ఫైలిన్‌కి వేసవి సెలవుల్లో సముద్రం చూపిస్తానని మాటిచ్చి, చియాంగ్‌మయిలో పొద్దున్నే బయల్దేరింది. రోడ్డు మీద ఎండ నీళ్లలా మెరిసినప్పుడల్లా "అదేనా సముద్రం?" అని అడుగుతోంది పిల్ల.

కనుమ మీద కొండతాత గుడి వచ్చింది. దారి కాచే ఆ తాతకు మూడుసార్లు హారన్ కొట్టందే అక్కడ ఏ బండీ లోయలోకి దిగదు. బువాలోయ్ నొక్కింది. హారన్ పలకలేదు. బండిని పక్కకు ఆపింది.

"వెనక్కి పోదాం తల్లీ."

"సముద్రం అన్నావుగా! నాన్నయితే పోనిచ్చేవాడు."

"నాన్న ఉన్నప్పుడు హారన్ పలికేదే!"

"నాకు నోరుందిగా!" ఫైలిన్ కిటికీలోంచి గుడివైపు "పీం, పీం, పీం" అని అరిచింది.

గుడి ముందు పూలదండలమ్మే ముసలమ్మ పగలబడి నవ్వింది. "నీ అరుపుకి తాత చెవులు మూసుకున్నాడే పిల్లా! ఇక పదండి!"

బువాలోయ్‌కీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బండిని లోయలోకి దించింది.