కర్టెన్లక్క విప్పిన కుట్లు

కర్టెన్లక్క కుట్టిన కర్టెను కదలదంటే కదలదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ గొప్పంతా అదే. కింది అంచు మడతలో ఎవరికీ కనపడకుండా సీసం బిళ్ళలు పెట్టి కుట్టేస్తుంది. కిటికీ బార్లా తెరిచినా గుడ్డ బుద్ధిగా నిలబడుతుంది. పాపం, ఆ పనితనం చూసి మెచ్చుకున్నవాళ్లెవరు? ఎవరి పడకగదిలో వాళ్లు తలుపేసుకుని పడుకుంటారాయె.

అలాంటిది, పెద్ద వీధిలో రెండు మేడల మధ్య తీగలు కట్టి నూట ఇరవై పల్చటి గుడ్డలు వేలాడదీస్తానంటూ ఒక చిత్రకారిణి దుకాణానికి వచ్చింది.

"గాలి ఎలా ఉంటుందో జనానికి చూపిద్దామక్కా. అంచులు నువ్వే కుట్టాలి."

అక్క సరేనంది. కానీ చేతుల అలవాటు ఎక్కడికి పోతుంది? పైగా ఊరంతా చూసే పని! కొత్త బిళ్ళలు తెప్పించి అంచుకి మూడేసి దూర్చింది. "ఇవెందుకు వదినా?" అని ఆడపడుచు అడిగితే, "నలుగురిలో నా పేరు పోకూడదు కదే," అని కసిరింది.

గుడ్డలు కట్టిన పొద్దున ఆకు కూడా కదల్లేదు. సాయంత్రం చుట్టపక్కాలందర్నీ వెంటేసుకుని అక్క ముందు వరసలో నిలబడింది. అప్పుడొచ్చింది గాలి. టోపీలు ఎగిరాయి, వెంట వచ్చిన మామయ్య చేతిలో కాగితాలు ఎగిరాయి. నూట ఇరవై గుడ్డలూ మాత్రం హెడ్మాస్టరు ముందు పిల్లల్లా నిలబడ్డాయి. చిత్రకారిణి మొహంలో నెత్తురుచుక్క లేదు.

అక్క గబగబా ముందుకొచ్చింది. "అయ్యో నా తల్లీ! నేనే, సీసం పెట్టి కుట్టాను," అని అందరి ముందూ ఒప్పేసుకుంది. మామయ్య పగలబడి నవ్వాడు. సిగ్గుతో అక్కకి చచ్చిపోవాలనిపించింది.

ఆ కుట్లు తెలియనివాళ్లు విప్పితే గుడ్డ చిరుగుతుంది. ముడి ఎక్కడేసిందో ఆవిడకే తెలుసు. స్టూలెక్కితేనే కళ్లు తిరిగే మనిషి, కత్తెర పట్టుకుని, గుడ్డలు కట్టడానికి తెచ్చిన క్రేను తొట్టెలోకి ఎక్కేసింది!

మొదటి అంచు విప్పి, బిళ్ళలు సంచిలో వేసుకుందో లేదో, గుడ్డ ఒళ్లు విరుచుకుని లేచి ఫట్‌మని ఆవిడ చెంపకే తగిలింది. కెవ్వుమంది. తరవాత నవ్వింది. పది, ఇరవై, అరవై... వీధి చివర మొదలైన గాలి గుడ్డగుడ్డనీ తడుముకుంటూ పరిగెత్తుకొస్తుంటే, "అదుగో! వచ్చేస్తోంది!" అని కింద జనం గోల.

"ఓరి నాయనో! ఇన్నేళ్లూ నేను ఆపింది దీన్నా!" అని అక్క పైనుంచి అరిచింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వదినా, అయిపోయాయా? ఇక దిగు!" అంది ఆడపడుచు.

"ఉండవే, ఇంకా రెండున్నాయి!"

క్రేను నడిపేవాడు అటూ ఇటూ వెతికాడు. విప్పాల్సిన అంచు ఒక్కటీ మిగల్లేదు.

"నువ్వు చెప్పకు తమ్ముడూ," అంది అక్క, కత్తెర సంచిలో పడేసి. "ఇంకాస్త పైకి పోనీ."